ఆమేన్ లేని కీర్తన

నా చిన్నప్పుడు ఒకసారి మా ఇంట్లో ఏడవడాన్ని నిషేధించారు. నిషేధించింది ఇంట్లోవాళ్లు కాదు, మా ఊరి ప్రార్థన మందిరం పెద్దలు. చంటిపిల్లవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన తల్లితో, కన్నీళ్లు పెడితే నీకు విశ్వాసం లేనట్టే అని చెప్పారు. ఇన్నేళ్లయినా ఆ మాట తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. వయసు పైబడితే కోపం తగ్గుతుందంటారు గానీ, కొన్ని కోపాలు తగ్గకూడదనే నా అభిప్రాయం.

మాది మొయినాబాద్‌కు నడిచి పోయేంత దూరంలో ఉన్న చిన్న ఊరు. ఇప్పుడు ఆ దారంతా ఫామ్‌హౌసుల గోడలు, మోకిల వైపు పోతే లేఅవుట్ల కమాన్లు. అప్పుడు జొన్నచేలు, కందిచేలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మా వాడలో అందరమూ క్రైస్తవులమే. పెంకుల కప్పు వేసిన మందిరం ఒకటి ఉండేది, పాస్టరు మాత్రం ఊళ్లో ఉండేవాడు కాదు. నెలకొకసారి పాస్టరయ్య మొయినాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చి, ప్రభు భోజనం అని మేము పిలుచుకునే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి పోయేవాడు. మిగతా ఆదివారాలన్నీ మా సంఘ పెద్దదే పెత్తనం. ఆయన చెడ్డవాడని నేను అనను. ఎవరికి జ్వరమొచ్చినా మొదట వచ్చి ప్రార్థన చేసేది ఆయనే. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదు. మేలు చేస్తున్నాననుకుంటూ మనుషుల గొంతు నొక్కేవాళ్లతోనే నా పేచీ.

మా తమ్ముడు అప్పుడప్పుడే అడుగులు వేస్తున్నాడు. వానలు వెనకపట్టిన రోజుల్లో జ్వరం పట్టుకుంది, దిగలేదు. బాపు బండి కట్టి, అమ్మను, పిల్లవాణ్ణి ఎక్కించుకొని చేవెళ్ల దవాఖానకు బయలుదేరాడు. దారిలోనే, అమ్మ ఒళ్లోనే, వాడు చల్లబడిపోయాడు. బండి వెనక్కి తిరిగి వచ్చింది. నేను గడప మీద నిలబడి, బండి ఇంత తొందరగా వచ్చిందంటే తమ్ముడికి నయమైందనుకున్నాను.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. చావు జరిగిన ఇంట్లో మూడోనాడు ఆదరణ కూడిక పెట్టేవారు. పేరు ఆదరణ, చేసేది పరీక్ష. ఇంటివాళ్లు ఒక్కొక్కరే లేచి, ఇచ్చింది దేవుడే, తీసుకున్నదీ దేవుడే, ఆయనకు స్తోత్రం అని అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. బాపు లేచి చెప్పాడు. తరువాత అమ్మ లేచింది. కొంగు భుజం మీదుగా కప్పుకొని నిలబడింది, నోరు మాత్రం తెరవలేదు.

"చెప్పు బిడ్డా. దేవునికి స్తోత్రం అను. ఒక్క మాటనే గద," అన్నాడు సంఘ పెద్ద.

అమ్మ చెప్పలేదు. పక్కనున్న ఆడవాళ్లు మోచేతితో పొడిచారు, చెవిలో గొణిగారు. వాళ్లే కదా పాతిపెట్టిన రోజు నుంచీ ఆమెను ఏడవకు, ఏడవకు అని అదిమింది. ఏడవనివ్వరు, ఊరుకోనివ్వరు. అమ్మ కాసేపు నిలబడి, మళ్లీ చాప మీద కూర్చుంది. సంఘ పెద్ద ముఖం ఎర్రబడింది. సాక్ష్యం చెప్పేదాకా ఈమెకు ప్రభు భోజనం లేదని అక్కడికక్కడే చెప్పేశాడు. మా ఇంటి చాప మీద కూర్చొని, మా ఇంటి చాయ తాగి మరీ చెప్పాడు.

ప్రభు భోజనం లేదంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. రొట్టె పళ్లెం వరుసలో అందరి ముందూ ఆగుతూ వచ్చి, మన ముందు ఆగకుండా పోతుంది. అది వెలివేతే, డప్పు కొట్టి చెప్పకపోవచ్చు. ఆదివారం దగ్గరపడుతున్నకొద్దీ అమ్మ ఎండిపోతూ వచ్చింది. పొయ్యి ముందు కూర్చునేది, పొయ్యి ఆరిపోయినా ఆమెకు తెలిసేది కాదు. నేను తల దువ్వుకోకుండా తిరిగినా, అన్నం తినకుండా తిరిగినా అడిగేది కాదు. తమ్ముడితో పాటు అమ్మ కూడా పోతుందేమోనని నాకు లోలోపల భయం పట్టుకుంది. ఆ భయం ఎవరితో చెప్పాలో కూడా తెలియలేదు, చెబితే నాకూ విశ్వాసం లేదంటారేమోనని.

అప్పుడు వచ్చాడు మా తాతయ్య, అమ్మ వాళ్ల నాన్న. చేవెళ్ల అవతలి ఊరు ఆయనది. మిషన్ బడిలో పంతులుగా చేసి మానుకున్న మనిషి. సంగతంతా బాపు చెబితే తల వంచుకొని విన్నాడు. సంఘ పెద్ద ఇంటికి పోయి జగడమాడతాడని నేను ఎదురుచూశాను. పోలేదు. నన్ను పిలిచి, ఈ ఆదివారం కీర్తన చెప్పే వంతు ఎవరిదని అడిగాడు.

అదీ మా సంఘం ఆనవాయితీయే. రొట్టె విరవకముందు ఆదివారం బడి పిల్లల్లో ఒకరు ముందుకు వచ్చి బైబిల్లోని నూటయాభై కీర్తనల్లో ఒకటి కంఠతా చెప్పాలి. చెబుతున్నంతసేపూ సంఘమంతా లేచి నిలబడాలి. మధ్యలో ఎవరూ నోరెత్తకూడదు, సంఘ పెద్దయినా సరే. పిల్ల ఆమేన్ అంటేనే అందరూ కూర్చోవాలి. ఆ నెల వంతు నాదే. సంఘ పెద్ద నాకు దేవుడే నా కాపరి అని పొగిడే కీర్తన ఇచ్చి పెట్టాడు. అది నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

తాతయ్య నన్ను జొన్నచేనుకు తీసుకుపోయాడు. కంకులు పాలు పోసుకుంటున్న రోజులు, పిట్టలు గుంపులు గుంపులుగా వాలేవి. మంచె మీద కూర్చొని, వడిసెలలో రాయి పెట్టి విసురుతూ, మధ్యమధ్యలో నాకు ఒక్కొక్క మాట అందించేవాడు. అది కాపరి కీర్తన కాదు. ఎనభై ఎనిమిదోది. అంతకుముందు మా మందిరంలో అది చదవగా నేను ఎన్నడూ వినలేదు. అందులో ఒక మనిషి పగలూ రాత్రీ దేవుణ్ణి పిలుస్తుంటాడు, జవాబు రాదు. నా నుంచి ముఖం ఎందుకు తిప్పుకున్నావని అడుగుతాడు. నేను చచ్చి మట్టిలో కలిస్తే నిన్ను పొగిడేదెవరని నిలదీస్తాడు. మాటలు నోటికి వస్తున్నకొద్దీ, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

"తాతా, దేవునితోని గిట్ల మాట్లాడొచ్చా?" అని అడిగాను.

తాతయ్య వడిసెల పక్కన పెట్టాడు. ఆయనకు ఎంత కోపం ఉన్నదో నేను అప్పుడు చూశాను. రాయిని మాత్రం పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు.

"మంది ఇంటి ముంగట నిలబడి ఎవడన్న లొల్లి పెడ్తడా బిడ్డా? మన ఇల్లనుకుంటెనే గద తలుపు కొట్టి అడుగుతం. ఈ కీర్తన మొదటి మాట ఏంది? నన్ను రక్షించే దేవుడవు అని. ఆ నమ్మకముంటెనే ఇంత కోపమొస్తది. నమ్మకం లేనోడు లేచి పోతడు, అడగడు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు, మరి దేవుణ్ణి అడగొద్దని వీళ్లకెవరు చెప్పారని తనలో తాను తిట్టుకున్నాడు. స్తోత్రం అనేది మనిషి లోపల్నుంచి రావాలి గానీ, పన్ను పీకినట్టు పీకితే వచ్చేది కాదన్నాడు. తరువాత నాకు రెండు మాటలు గట్టిగా చెప్పాడు. కీర్తన అయిపోయాక ఆమేన్ అనొద్దు. ముందు వరుసలో పిల్లల దగ్గరకు తిరిగి రావొద్దు, నేరుగా పోయి మీ అమ్మ పక్కన కూర్చో. ఎందుకని అడిగితే ఆయన నన్నే ఎదురు అడిగాడు.

"ఆఖరికి ఏమంటున్నడు ఆ కీర్తనల మనిషి? నావోళ్లందరిని దూరం చేసినవ్, నాకు చీకటే చుట్టమైంది అనే గద? మరి మీ అమ్మకు నువ్వు దూరమున్నవా, దగ్గరున్నవా?"

ఆదివారం వచ్చింది. పాస్టరయ్య సైకిల్ గోడకు ఆనించి లోపలికి వచ్చాడు. తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద రొట్టె, గిన్నె పెట్టారు. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, పిల్లలం ముందు. అమ్మ అందరికన్నా వెనక, గోడ దగ్గర కూర్చుంది. సంఘ పెద్ద నా పేరు పిలిచి, కాపరి కీర్తన చెబుతుందని ప్రకటించాడు. అందరూ లేచి నిలబడ్డారు. నేను ఎనభై ఎనిమిదోది మొదలుపెట్టాను.

మొదటి మాటకే సంఘ పెద్ద కళ్లు పెద్దవి చేశాడు. కానీ ఆనవాయితీ ఆయన నోటికే తాళం వేసింది, వాక్యం మధ్యలో మాట్లాడకూడదు. నేను చెప్పుకుంటూ పోయాను. చావును గురించి, మట్టిని గురించి, తిరిగి చూడని దేవుణ్ణి గురించి, చిన్నపిల్ల గొంతుతో అంత పెద్ద మాటలు. ఇక ఇప్పుడు స్తుతి వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని అందరూ చూస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. రాలేదు. చీకటి దగ్గర ఆపి, ఆమేన్ అనకుండా, ఆడవాళ్ల మధ్య నుంచి నడిచి పోయి అమ్మ పక్కన కూర్చున్నాను.

సంఘమంతా నిలబడే ఉంది. ఆమేన్ వినిపించలేదు, కూర్చోవడానికి లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సంఘ పెద్దకు మాత్రం అప్పటికి ప్రాణం లేచి వచ్చింది.

"పిల్ల కడమది మర్శిపోయి భయపడి ఉరికింది. జర అందియ్యుండ్రి పాస్టరయ్యా, మిగిలింది చెప్తది."

కీర్తన అంటే స్తోత్రంతోనే ముగియాలని, ఆయన పాపం నిజంగానే నమ్మాడు. పాస్టరయ్య బైబిలు తెరిచి, వేలుతో వరుసలు దిగుతూ వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు.

"ఇంతే ఉన్నది," అన్నాడు.

"ఇంకో బైబిల్ల చూడుండ్రి," అన్నాడు సంఘ పెద్ద.

ఎవరో ఇంకో బైబిలు అందించారు కూడా. అందులోనూ అంతే ఉన్నది. మగవాళ్ల వైపు నిలబడిన తాతయ్య వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడు. అప్పుడు అమ్మ నా నెత్తి మీద ముఖం పెట్టింది. ముందు ఆమె ఒళ్లు కదిలింది, తరువాత గొంతు లేచింది. అన్ని రోజులుగా అదిమిపెట్టిన ఏడుపు మందిరం పెంకుల దాకా పోయింది. తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. నా బిడ్డను ఎందుకు తీసుకపోతివి అని దేవుణ్ణే అడిగింది, ఆయన ఇంట్లోనే, ఆయన బల్ల ముందే. ఏడవొద్దని చెప్పిన ఆడవాళ్లలో ఒకామె వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చొని తానూ ఏడ్చింది. ఆమెకూ వెనకెప్పుడో పిల్లలు పోయారు. తరువాత ఇంకొకామె వచ్చింది. ఆమేన్ లేకుండానే సంఘం కూర్చుంది.

పాస్టరయ్య బైబిలు మూసి బల్ల మీద పెట్టాడు. తరువాత రొట్టె విరిచి, పళ్లెం పట్టుకొని, ముందు వరుసలన్నీ దాటి గోడ దాకా వచ్చి, మొదటి ముక్క అమ్మ చేతిలో పెట్టాడు. సాక్ష్యం సంగతి ఆయన అడగనే లేదు. చిన్నపిల్లతోటి ఇట్ల చేయించుడు మంచిగ లేదని సంఘ పెద్ద తాతయ్యతో అని, ఆ రోజు రొట్టె తీసుకోకుండానే బయటికి పోయాడు. పోనీ అని తాతయ్య చేయి ఊపాడు.

జొన్నలు కోసి కల్లం చేసిన రోజు, తూర్పార పడుతూ అమ్మ సన్నగా ఒక పాట ఎత్తుకుంది. దేవుడు చేసిన మేళ్లను తలచుకునే పాట. ఎవరూ అడగలేదు, పక్కన ఎవరూ లేరు కూడా, నేను తప్ప. ఏడవనిచ్చారు కాబట్టే ఆ పాట వచ్చింది. బతికినన్నాళ్లూ అమ్మ దేవుడితో పోట్లాడుతూనే ఉండేది, పాడుతూనే ఉండేది.

ఈ ఎండాకాలం మా పక్కింటి కోడలికి భర్త పోయాడు. ఆదరణ కూడిక ఫంక్షన్ హాల్లో పెట్టారు, పెద్ద పెద్ద సౌండ్ బాక్సులు, కీబోర్డు, సిటీ నుంచి వచ్చిన ప్రసంగీకుడు. కాలం మారిందనుకున్నాను. ఏం మారింది, చాప పోయి కుర్చీలొచ్చాయి. ఆయన ఆ పిల్ల నోటి ముందు మైకు పెట్టి, హల్లెలూయ చెప్పమ్మా, నవ్వుతూ చెప్పు అన్నాడు. ఆమె మైకు వైపు చూసి తల దించుకుంది. నాకు ఒంటి మీద స్పృహ పోయినంత కోపం వచ్చింది. మోకాళ్లు పట్టుకొని లేచాను.

"ఆ మైకు ఇటియ్యి బాబూ," అన్నాను.

ముసలావిడ స్తోత్రం చెబుతుందనుకొని సంతోషంగా ఇచ్చాడు. నేను ఆ ఎనభై ఎనిమిదో కీర్తన మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఒక్క మాట తప్పలేదు. కీబోర్డు అబ్బాయి వేళ్లు గాలిలోనే ఉండిపోయాయి. ఆమేన్ అనలేదు. మైకు కుర్చీలో పడేసి, ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

"తర్వాత ఏమున్నది అవ్వా?" అని అడిగింది, ఎవరికీ వినిపించనంత మెల్లగా.

"ఇంతే ఉన్నది బిడ్డా. ఏడ్వు. నేనున్న," అన్నాను.

ఆమె తల నా భుజం మీద వాలింది. తాతయ్య ఆ రోజు మంచె మీద నాకు నేర్పింది కీర్తన ఒక్కటే కాదు. అది ఆగిపోయిన చోటు నుంచి లేచి, నడిచి పోయి, పక్కన కూర్చోవడం కూడా నేర్పాడు. నడక ఇప్పుడు కష్టమవుతున్నది గానీ, పిలిచినా పిలవకపోయినా పోతూనే ఉన్నాను.