జాబితాలో తొమ్మిదో చెట్టు

డచ్చి దేశంలోని మా డ్రెంతే వీధిలో రూలోఫ్ పని అందరికీ తెలుసు. అతని ముఖం మాత్రం జూన్‌లో ఎవరికీ కనబడదు. వేసవి మొదట్లో కంబళిపురుగులు ఓక్ చెట్ల మీద ఒకదాని వెనక ఒకటి ఊరేగి, కాండానికి తెల్లటి గూళ్లు అల్లుకుంటాయి. తెల్ల దుస్తులు, ముసుగు తొడుక్కుని ఆ గూళ్లను గొట్టంతో పీల్చేయడం రూలోఫ్ ఉద్యోగం. పురుగును ముట్టుకోనక్కర్లేదు. దాని నూగు గాలికి కొట్టుకొచ్చి ఒంటిమీద వాలితే చాలు, దద్దుర్లు వారం రోజులు మనతో కాపురం చేస్తాయి. కంట్లో పడితే ఆసుపత్రే. ఒకప్పుడు ఆ అనుభవాన్ని మెడ మీద మోసిన రూలోఫ్, ఈ విషయంలో మతగురువుకన్నా గట్టివాడు.

ఏ చెట్టు ముందో, ఏది వెనకో జాబితా రాసేదీ అతనే. బడి దగ్గరివి ముందు, సైకిల్ బాటవి తర్వాత, ఇళ్ల ముందువి చివర. అతని సొంత చెట్టు తొమ్మిదోది. వంతు రావడానికి ఇంకా అయిదు రోజులుంది.

ఆ గురువారమే కూతురు ఆల్చె స్కూలు చివరి పరీక్ష ప్యాసయింది. ప్యాసైనవాళ్ల ఇంటికి జెండా కట్టి, కర్ర చివర బడిసంచి వేలాడదీయడం మా ఆచారం. నిరుడు ఆల్చె తప్పింది. జెండా లేని ఆ గోడను వీధి వీధంతా ఎంతో మర్యాదగా చూడనట్టు నటించింది.

రూలోఫ్ ఇంటి జెండాకర్ర సరిగ్గా ఆ తొమ్మిదో చెట్టు గూటి కిందే ఉంది.

“జెండా లేకపోతే మళ్లీ తప్పాననుకుంటారు నాన్నా.”

“సోమవారం పుస్తకాలు తిరిగిచ్చేటప్పుడు ఆ సంచి నీ భుజానికేగా తల్లీ. ఇక్కడ కడితే నూగంతా నీ మెడ మీదే.”

“అయితే గొట్టం తెచ్చి మన చెట్టు ముందు చేసెయ్. జాబితా రాసింది నువ్వేగా.”

“అందుకే చెయ్యలేను.”

రూలోఫ్ జెండాను చంకన పెట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత సంచి కూడా తీసుకుని, వీధి దాటి, ఎదురింటి ఫెన్నత్త తలుపు తట్టాడు. ఆమెకు ఎనభై ఒకటి. ఆమె ఇంటిముందు ఉన్నది ఈ పురుగులు పట్టని యాపిల్ చెట్టు ఒక్కటే.

“అత్తా, మీ గోడ కావాలి.”

“తీసుకో. మరి నా వంతు వచ్చిందో లేదో జాబితా చూసుకున్నావా?”

సాయంత్రానికి జెండా, సంచి ఆ గోడకెక్కాయి; వీధివాళ్లు పువ్వులతో ఫెన్నత్త గుమ్మం ముందు చేరారు. ఆమె గంభీరంగా అందరితో చెయ్యి కలిపింది.

“లెక్కలే కాస్త ఇబ్బంది పెట్టాయి,” అంది. పువ్వులన్నీ పుచ్చుకున్నాక వాటిని ఆల్చె చేతుల్లో పోసి, పిల్లను ముందుకు నెట్టింది.

సోమవారం ఆల్చె సంచి దించి భుజాన వేసుకుంది. ఆమె బడినుంచి తిరిగొచ్చాక రూలోఫ్ ఆ మెడను వెలుతురులోకి తిప్పి చూశాడు. మచ్చ లేదు. ఇంకోసారి చూశాడు. తర్వాత ముసుగు తగిలించుకుని ఎనిమిదో చెట్టు దగ్గరికి వెళ్లాడు.