సంపులోకి గొట్టాన్ని దింపింది ఎవరు?

దెయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే అక్కడినుంచి లేచిపోయే రకం నేను. మా భావనపాడులో సముద్రం మీద అది కనబడింది, ఇది కనబడింది అనేవాళ్లకు కొదవ లేదు. ఒక్కటీ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఇది రాస్తున్నాను. లోపల పెట్టుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

మా ఊరికి దగ్గర్లోనే ఒక రొయ్యల ఫ్యాక్టరీలో సేఫ్టీ పని నాది. రొయ్యలు కడిగిన నీళ్లు, తలలు, పొట్టు అన్నీ ఒక సంపులోకి చేరతాయి. పది అడుగుల లోతు. మూత తీస్తే పేగులు నోట్లోకి వచ్చేంత కంపు. ఒంటికి పట్టిందంటే సబ్బుతో పోదు.

మనిషి దిగేముందు గ్యాసు మిషన్‌తో లోపలి గాలి చూడాలి. మెడలో వేసుకునే చిన్న పెట్టె, దానికి పొడుగాటి సన్నని గొట్టం. బయట మంచి గాలిలో ఆన్ చేయాలి. గొట్టం దింపి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. లోపలి గాలి గొట్టంలోంచి పైకి రావడానికి టైము పడుతుంది కాబట్టి ప్రతిచోటా రెండు నిమిషాలు ఆగాలి. ముక్కును నమ్మకూడదు. మురికిలో పుట్టి ప్రాణం తీసే గ్యాసు కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, కానీ అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు.

ఇదంతా నాకు కంఠతా వచ్చు. పనివాళ్లకు పాఠం చెప్పేదీ నేనే. చేసేది మాత్రం వేరు. ఆ కంపు దగ్గర ఆరు నిమిషాలు ఎవడు నిలబడతాడని గొట్టం కొసను మూత దగ్గర పది సెకన్లు ఆడించి, కాగితంలో మూడు గళ్లూ నింపేసేవాణ్ని. థూ, ఎంత సిగ్గులేని బతుకు!

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు దాటింది. పంపు మూసుకుపోయింది, దిగాల్సింది మా అక్క మొగుడు సింహాచలం. పైన తాడు పట్టుకోవాల్సిన మనిషి టీకి పోయాడు. అతను వచ్చేదాకా ఆగాలన్న బుద్ధి కూడా మాకు లేకపోయింది. సంపు దగ్గర మేమిద్దరమే. గొట్టం కొస మూత తీసిన చోట వేలాడేసి, రెండో చేత్తో కాగితం నింపుతున్నాను.

"అయిపోనాదా, దిగీమంతావా?" అన్నాడు బావ.

"దిగు బావ, ఏటీ నేదు," అన్నాను.

బావ నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. అప్పుడు నా చేతిలో గొట్టం కదిలింది.

చేప గాలానికి తగిలితే ఎలా ఉంటుందో చిన్నప్పటినుంచీ తెలిసినవాణ్ని. ఇది ఆ గుంజుడు కాదు. ఎవరో నెమ్మదిగా, బారలు కొలుస్తున్నట్టు కిందికి తీసుకుంటున్నారు. ఆ గొట్టం ఎప్పుడూ చుట్టలు చుట్టుకుంటుంది. కొసకు బరువేమీ లేదు. అది తిన్నగా దిగిపోయింది. పెట్టె నా మెడను వంచింది. బావను ఆగమన్నాను.

అడుగుదాకా దిగాక గొట్టం ఆగింది. కాసేపటికి సైరన్ మోగింది. ఎర్రలైటు వెలిగింది. అంకె గబగబా పెరిగి, చివరికి కొలత దాటిపోయి మిషన్ అంకె చూపించడమే మానేసింది. బావ చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాను.

తరవాత గొట్టం పైకి తీసి చూశాను. కొస పొడిగా ఉంది. మురికిలో మునిగితే నీళ్లు పీల్చి మిషన్ పాడవుతుంది కాబట్టి జానెడు పైనే ఆపాలని మాకు నేర్పుతారు. సరిగ్గా అలాగే ఆగింది.

మర్నాడు లోపలికి మంచి గాలి ఊదే బ్లోయర్ పెట్టి సంపు మొత్తం తోడించాను. దగ్గరుండి చూశాను. రొయ్య తలలు, బురద, కుళ్లిపోయిన ఒక రబ్బరు చేతిగ్లవ్సు. ఇంకేమీ లేదు. గొట్టాన్ని లాగింది గాలా అంటే, ఆ మధ్యాహ్నం మూత దగ్గర నా చేతిలో కాగితం కూడా రెపరెపలాడలేదు.

ఆ సాయంత్రం అక్క భోజనానికి పిలిచింది. నేనే గొట్టం అడుగుదాకా దింపి తనను కాపాడానని బావ అప్పటికే చెప్పాడు. చేపల పులుసు వడ్డిస్తూ, "మా తమ్ముడు ఆ మిషన్ పట్టుకుని పైనుంటే నాకింక బెంగ నేదు," అంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. బావ కూడా తలూపాడు. చెయ్యి కడుక్కోవడానికని పెరట్లోకి వెళ్లి కక్కుకున్నాను.

ఇన్నాళ్లయినా వాళ్లకు నిజం చెప్పలేదు. ఆ గొట్టం ఎవరు దింపారో నాకు తెలియదు. నేను మాత్రం కాదు.