ఫ్యాన్ల హోరు

కిసుములో కంప్యూటర్లు బాగుచేసే ఒగోలా భార్య అపోండికి గొంతు క్యాన్సర్. ఆపరేషన్ చేస్తే ఇక మాట రాదన్నారు డాక్టర్లు. ఫోన్లలో రికార్డింగు లేని రోజులవి. కూతురు అకెచ్ కోసం ఆమె జోలపాటను కంప్యూటర్లో ఎక్కించబోతే ఫ్యాన్ల హోరే వినిపించింది.

"ఊళ్ళో వాళ్ళవన్నీ బాగుచేస్తావు, మనది మాత్రం పిండిమరలా అరుస్తుంది," అని అపోండి నవ్వింది.

"ఆదివారం చూస్తాలే, అకెచ్ వాళ్ళమ్మా."

మంచం ఖాళీ అయింది, ఆపరేషన్‌కు రమ్మని శుక్రవారమే ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది.

ఆమె అక్కడుండగానే ఒగోలా కంప్యూటర్ పెట్టె విప్పాడు. దుమ్ము దులిపి, గాలికి అడ్డమొచ్చే తీగల్ని పక్కకు కట్టి, ముందువైపు నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాను బిగించాడు. చప్పుడు పోయింది.

ఇంటికొచ్చిన అపోండి పెట్టెకు చెవి ఆనించి విని, బాగుందన్నట్టు తలాడించింది. ఒగోలా గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.