గాలి సూది

పొద్దున ఏడు. రాయదుర్గం గుట్టల మీద ముసురు పట్టి మూడు రోజులైంది. నిన్న మధ్యాహ్నం తిన్న రెండు రొట్టెల తర్వాత రాజయ్య కడుపులో చాయ్ తప్ప ఏమీ పడలేదు. అయినా గుట్ట మీది మందుల కంపెనీ వెనక గదిలో తెల్ల ఎలుకలకే ముందు మేత వేశాడు.

“ఏం రాజన్నా, ఎల్కలకు తూకమేసి పెడ్తున్నవు. నీకెవలు తూకమేస్తరే?” గది ఊడ్చే రుక్కమ్మ చీపురు గోడకానించి నవ్వింది.

“నాకు ఆకలుండాలెనే. లేకపోతె బతికున్నట్టు యాదికుండది.”

నిరుటి దాకా రాజయ్య మాదాపూర్‌లో లేస్తున్న మేడకు కాంక్రీటు మోశాడు. అక్కడి రేకుల గుడిసెలోనే తొమ్మిదేళ్ల కూతురు స్రవంతికి చలిజ్వరం వచ్చింది. పిల్ల పళ్లు టకటకలాడుతుంటే గాలి సోకిందనుకున్నాడు. నార్సింగిలో గాలి తీసేవాడి దగ్గరికి ఎత్తుకుపోయాడు. మూడు రోజులు వేపమండలూ బూడిదే. నాలుగో రోజు దవాఖానలో డాక్టరు అడిగాడు, జ్వరమొచ్చి ఎన్నాళ్లయిందని. “నిన్ననే సారూ” అన్నాడు రాజయ్య, సిగ్గుతో. పిల్ల దక్కలేదు. ఆ అబద్ధం మాత్రం మిగిలిపోయింది.

పోయినవారం రాజయ్య ఈ గదిలో పనికి చేరిన మొదటి రోజే డాక్టరమ్మ కృష్ణప్రియ చెప్పింది: “రాజయ్యగారూ, వీటన్నిటికీ మలేరియా ఎక్కించామండి. ఎర్ర చీటీ పెట్టెలో ఆరింటికి ఓజోన్ అనే గాలిని సూదితో ఇస్తాం. నల్ల చీటీ పెట్టెలో ఆరింటికి ఏమీ ఇవ్వం.”

“మా దిక్కు గాలి సోకితె జరమొస్తదంటరు. మీరు గాలితోనే దించుతరా అమ్మా?”

“దించుతుందో లేదో తెలీకే కదండీ ఈ పరీక్ష.”

ఆ మాట అతని చెవికెక్కలేదు. “ఏమీ ఇవ్వం” అన్నదొక్కటే ఎక్కింది.

ఈ పొద్దున నల్ల పెట్టెలో, చెవి చిరిగిన బక్క ఎలుక బొచ్చు నిక్కబొడుచుకుని మూలకు ముడుచుకుంది. కింద పరిచిన పొట్టు మారుస్తూ దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. అదే వణుకు. గబుక్కున దాన్ని ఎర్ర పెట్టెలో వేసి, అక్కడి గట్టిదొకదాన్ని ఇటు వేశాడు.

“నువ్వు ఓర్చుకో బిడ్డా,” అన్నాడు గట్టిదానితో.

మూడోనాడు కృష్ణప్రియ తక్కెడ ముందు చాలాసేపు కూర్చుంది. “బరువులు కలవట్లేదు. తోకల మీద సిరా గుర్తులూ చెరిగాయి. ఎవరైనా మార్చారా, రాజయ్యగారూ?”

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఏది ఎక్కడిదో తెలిస్తే మిగతావైనా పనికొస్తాయండి. తెలీకపోతే సాయంత్రం పన్నెండింటినీ చంపేయాలి.”

“చెవి చిరిగినదాన్ని మార్చిన, అమ్మా” అంటే చాలు. ఒక్క మాట. నోరు తెరిచాడు. దవాఖానలో డాక్టరు మళ్లీ అడుగుతున్నట్టయింది, ఎన్నాళ్లయిందని. నోరు మూసుకున్నాడు.

ఆమె వెళ్లాక రెండు పెట్టెల్లోనూ కొత్త పొట్టు పరిచాడు. సీసాల్లో నీళ్లు నింపాడు. చెవి చిరిగిన ఎలుక నిక్కి నిలబడి అతని వేలు వాసన చూసింది.

“ఓ రాజన్నా, సద్ది తెచ్చిన, జర తినిపోవే!” రుక్కమ్మ కేకేసింది.

ఆకలిగా ఉన్నా అతను ఆగలేదు. ముసురులో తడుస్తూ గుట్ట దిగిపోయాడు.