రగ్బీ గ్రౌండులో కబడ్డీ కూత

ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు కోచ్ సార్ ఫోన్ చూసుకుని తల పట్టుకున్నాడు. నేను అప్పటికే గ్రౌండు చుట్టూ గీతలు గీయడం పూర్తిచేసి, గీతల బండి చక్రాలకు అంటిన తెల్లరంగును పైపు నీళ్ళతో కడుగుతున్నాను.

"వాళ్ళ జట్టులో నలుగురే వచ్చారట. మ్యాచ్ క్యాన్సిల్," అన్నాడు ఇంగ్లీషులో.

వరసగా ఇది నాలుగో శుక్రవారం.

నాది జగిత్యాల పక్కన ఒక పల్లె. ఖతార్‌కు వచ్చిన కొత్తలో సైట్ల మీద పనిచేశాను. తర్వాత మా మెయింటెనెన్స్ కంపెనీ నన్ను అల్ రయ్యాన్‌లోని ఈ ఆటస్థలానికి పంపింది. గడ్డి కోయడం, నీళ్ళు పెట్టడం, గీతలు గీయడం నా డ్యూటీ. శుక్రవారాల్లో ఇక్కడ పన్నెండేళ్ళ లోపు పిల్లలు రగ్బీ లీగ్ ఆడేవారు. ఆ ఆట పేరు కూడా నేను అంతకుముందు వినలేదు. గుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని ఒక అమ్మాయి పరుగెత్తడం, ఇద్దరు నడుము పట్టి ఆమెను పడేయడం, మళ్ళీ ఆమె లేచి బంతిని కాలితో వెనక్కి తోసి ఏమీ జరగనట్టు ఆడడం మొదటిసారి చూసినప్పుడు పైపు చేతిలోనే ఉండిపోయింది. నా చెప్పులు తడిసి ముద్దయ్యేదాకా నీళ్ళు పోతున్నాయని తెలియలేదు. బడిలో చదివే రోజుల్లో మండలం జట్టుకు కబడ్డీ ఆడినవాణ్ణి. ఈ ఆట కబడ్డీకి ఏదో వరస చుట్టమని ఆ రోజే అనిపించింది.

మొదటి ఏడాది శుక్రవారాలు చూడాలి! గ్రౌండు గది తలుపు మీద మ్యాచ్‌ల పట్టిక అంటించి ఉండేది. సీజన్ మొత్తానికి ఏ వారం ఎవరితో, ఎన్ని గంటలకు, అన్నీ అచ్చువేసి. ఒక మ్యాచ్ అవుతుండగానే ఇంకో జట్టు బూట్లు కట్టుకుంటూ పక్కన సిద్ధంగా ఉండేది. తర్వాత ఇక్కడి పెద్ద కట్టడాల పనులు అయిపోయాయి. కాంట్రాక్టులు ముగిసిన ఇంజినీర్లు, టీచర్లు కుటుంబాలతో సహా వెళ్ళిపోయారు. ఉన్న పిల్లల్లో కొందరు ఫుట్‌బాల్‌కు, కొందరు ఈతకు పోయారు. ఒక జట్టు మూతబడింది. రెండు జట్లు ఒకటయ్యాయి. చివరికి మాతో ఆడడానికి నగరం అవతలి వైపు జట్టు ఒక్కటే మిగిలింది. వాళ్ళకూ పిల్లలు సరిపోక వాయిదాలు మొదలయ్యాయి. పట్టిక కాగితం మీద కోచ్ సార్ పెన్నుతో కొట్టేసిన గీతలే ఎక్కువయ్యాయి.

మా పిల్లలు పదకొండు మంది. ఎవరూ మానలేదు. శుక్రవారం వస్తే మ్యాచ్ ఉన్నా లేకున్నా మూడు కాకముందే వచ్చేసేవారు. ఆ రోజూ అట్లాగే వచ్చారు. వాళ్ళ కెప్టెన్, ముక్కు మీద గోధుమరంగు మచ్చలున్న ఇంగ్లీషు అమ్మాయి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"గీతలు గీశారా, అంకుల్?"

"గీశాను."

"మరి ఎవరితో ఆడాలి?"

నేను పైపు కట్టేశాను. ఆ అమ్మాయి ఏడవలేదు, అలగలేదు. వెళ్ళి గడ్డి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఆట కోసం తయారై వచ్చి ఆడకుండా బూట్లు విప్పడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు.

అప్పుడే నాకు దగ్గర్లోని ముఐథర్ పేట గుర్తొచ్చింది. అక్కడ మా నిజామాబాద్ అన్న ఉన్నాడు. స్కూలు వ్యాను నడుపుతాడు, కుటుంబంతో ఉంటాడు. నెలకోసారి వాళ్ళింటికి భోజనానికి పిలుస్తాడు. వెళ్ళినప్పుడల్లా వాళ్ళ ఇంటి వెనక సందులో పిల్లలు కబడ్డీ ఆడుతూ కనిపించేవారు. నడిమి గీత సుద్దతో గీసుకుంటారు. అందరిలోకీ ఆయన కూతురు గట్టిది. పదకొండేళ్ళ పిల్ల, కూతకు వెళ్తే ఇద్దరినైనా ముట్టకుండా వెనక్కి రాదు.

ఫోన్ చేశాను.

"అన్నా, మీ గల్లీ పోరలు యాడున్నరు?"

"ఇంకేడుంటరు తమ్మీ, ఇంటెన్క కబడ్డీ ఆడుతున్నరు. లొల్లి ఇనవడ్తలేదా?" నిద్రమత్తులో ఉన్నాడు. "నమాజ్ చేసొచ్చి బిర్యానీ తిన్న, గిప్పుడే కండ్లు మూతవడ్తున్నయ్. ఏమైంది?"

"ఎంతమంది ఉన్నరు?"

"తొమ్మిది మంది ఉంటరు. ఎందుకు?"

చెప్పాను.

"ఏం ఆట అన్నవ్?"

"రగ్బీ అన్నా. బాల్ పట్టుకొని ఉరుకుడే. మన కబడ్డీ లెక్కనే ఉంటది."

"పిల్లలకు దెబ్బలు తాకితే నన్ను తిడ్తరు భై వాళ్ళ అమ్మలు."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కోచ్ సార్‌ను అడిగాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, చేతులు ఊపుతూ. ఆయన ముందు అర్థం కానట్టు చూశాడు. అర్థమయ్యాక ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. నేర్చుకోని పిల్లల్ని పట్టి పడేసే ఆటలో దించనని చెప్పాడు. కాకపోతే ఇదే ఆటలో చిన్నపిల్లల రకం ఒకటి ఉంది. అందరికీ నడుముకు పట్టీ, పట్టీకి రెండు పక్కలా రెండు రిబ్బన్లు. రిబ్బన్ లాగితే పట్టుకున్నట్టే లెక్క, పడేయడం లేదు. ప్రతి ఒక్కరితో అమ్మో నాన్నో రావాలి, ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి, లేకపోతే గీత దాటనివ్వను అన్నాడు. ఆ తర్వాత ఆయన అవతలి జట్టు కోచ్‌కు ఫోన్ చేశాడు. వచ్చిన నలుగురిని వెంటనే తీసుకురమ్మన్నాడు. నేను అన్నకు అంతా చెప్పాను.

"యల్లా, పోదాం! నలభై నిమిషాలు టైమ్ ఇయ్యి," అన్నాడు అన్న. మత్తు ఎటు పోయిందో!

కెప్టెన్ అమ్మాయి దగ్గరికి పరుగెత్తి బూట్లు మళ్ళీ కట్టుకోమన్నాను. "ఎవరితో?" అంది. "కబడ్డీ జట్టుతో," అన్నాను. అంటే ఏమిటో ఆమెకు తెలియదు. అయినా తాళ్ళు గబగబా బిగించింది.

నాలుగుకు పది నిమిషాల ముందు అన్న వ్యాను, దాని వెనక రెండు కార్లు వచ్చి ఆగాయి. తొమ్మిది మంది పిల్లలు దూకారు. ఎక్కువమంది హైదరాబాద్, నిజామాబాద్ వాళ్ళు, ఇద్దరు వరంగల్ అన్నదమ్ములు, ఒక నేపాలీ పిల్లవాడు. వెంట తల్లులు, తండ్రులు, నానీ అని పిలిచే ఒక ముసలి అమ్మమ్మ, పెద్ద ఫ్లాస్కులో చాయ్. ఐదు నిమిషాల తర్వాత అవతలి జట్టు నలుగురూ దిగారు. వాళ్ళను ముఐథర్ పిల్లలతో కలిపి పసుపు బనియన్లు ఇచ్చాం. మావాళ్ళవి నీలం. ఒక్కో వైపు తొమ్మిది మంది, మిగిలినవాళ్ళు మారుతూ ఆడాలి.

కోచ్ సార్ రూల్స్ చెప్పడం, నేను తెలుగులో, హిందీలో చెప్పడం. "జర్ర ఇనుండ్రి. బాల్ ముంగటికి ఇసరొద్దు, ఎన్కకే ఇయ్యాలె. రిబ్బన్ గుంజితే ఆగాలె. ఆరుసార్లు గుంజుకుంటే బాల్ వాళ్ళకు పోతది. అవుతలి గీత దాటి బాల్ భూమికి ముట్టిస్తే మనకు ట్రై."

"కూత పెట్టాల్నా చాచా?" అడిగింది అన్న కూతురు.

"అక్కర్లేదు బిడ్డా."

విజిల్ ఊదారు. బంతి తిన్నగా ఆ పిల్ల చేతిలోకే వచ్చింది. రెండు అడుగులు వేసిందో లేదో, "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ నీలంజట్టు మధ్యలోకి దూసుకుపోయింది. నీలంజట్టు పిల్లలు బిత్తరపోయి నిలబడిపోయారు. చివరికి కెప్టెన్ అమ్మాయి తేరుకుని వెంటపడి రిబ్బన్ లాగింది. వెంటనే అన్న కూతురు బంతి అక్కడ పెట్టి, తల వంచుకుని గ్రౌండు బయటికి నడిచింది.

"యాడికి పోతున్నవ్?" అని అరిచాను.

"ఔట్ అయిన కద చాచా!"

"గీ ఆటల ఔట్ లేదు! లోపల్కి ఉరుకు!"

నవ్వలేక చచ్చాం. కోచ్ సార్ విజిల్ నోట్లోంచి జారిపోయింది. ఆ తర్వాత పది నిమిషాల దాకా రిబ్బన్ పోయిన కబడ్డీ పిల్లలంతా బయటికి నడవడం, అవతలి జట్టు నలుగురూ వాళ్ళను చేయిపట్టి లోపలికి లాగడం. నీలంజట్టు నాలుగు ట్రైలు చేసేసింది. మావాళ్ళకు ఒక్కటి కూడా లేదు. 'మావాళ్ళు' అని ఎప్పుడు అనుకోవడం మొదలుపెట్టానో నాకే తెలియదు. నీలంజట్టు కదా నా జట్టు!

సగం ఆట అయ్యాక అవతలి జట్టు నలుగురిలో పొడుగాటి అబ్బాయి గడ్డి మీద వేలితో గీతలు గీసి చూపించాడు. భాష అక్కర్లేకపోయింది. పసుపు పిల్లలు తలలు కలిపి చూశారు. రెండో సగం మొదలయ్యేసరికి ఆట మారిపోయింది. నడుము వంచి రిబ్బన్ తప్పించుకోవడం కబడ్డీ పిల్లలకు ఎవరు నేర్పాలి? ఎదుటివాడి భుజం ఎటు వాలుతుందో చూసి రెండో వైపు జారుకోవడం వాళ్ళకు పుట్టినప్పటి నుంచీ వచ్చు. వరంగల్ తమ్ముడు ఒక ట్రై చేశాడు. నేపాలీ పిల్లవాడు ఒకటి. పొడుగు అబ్బాయి రెండు. నీలంజట్టు ఇంకొకటి చేసింది, మావాళ్ళూ ఇంకొకటి. ఐదు, ఐదు! తల్లులు కుర్చీలు వదిలి గీత దగ్గరికి వచ్చేశారు. నానీ ఫ్లాస్కు మూత పట్టుకుని ఊపుతోంది.

ఇంకా రెండు నిమిషాలే ఉంది. నేను పక్కగీత వెంట జెండా పట్టుకుని ఉన్నాను. ఎవరి కాలైనా గీతకు తగిలితే జెండా ఎత్తడం నా పని. బంతి అన్న కూతురికి అందింది. నా వైపు నుంచే పరుగు తీసింది. ఒకరిని తప్పించింది. ఇంకొకరిని. మూడో పిల్లవాడు రిబ్బన్ కోసం దూకితే నడుము మెలితిప్పింది. అతని చేతికి గాలి మిగిలింది. గీత దాటింది, బంతి నేలకు ముట్టించింది. గ్రౌండంతా ఒకటే అరుపు. అన్న రెండు చేతులూ పైకెత్తి గంతులు వేస్తున్నాడు.

మెలితిరిగినప్పుడు ఆమె మడమ గీతకు తగిలింది. చూసింది నేనొక్కణ్ణే.

ఎత్తకపోతే ఎవరికీ తెలియదు. అయినా జెండా ఎత్తాను.

"అరే తమ్మీ, ఏంది జెండా? దించు కిందికి!" అన్న నా మీదికి వచ్చాడు. తల్లులు తలా ఒక మాట అంటున్నారు. కోచ్ సార్ పరుగున వచ్చి, "గీతా?" అన్నాడు. "గీతే సార్," అన్నాను.

ఆ పిల్ల బంతి పట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, వాళ్ళ నాన్నను చూసింది.

"అబ్బా," అని నాన్నను పిలిచింది. "లొల్లి చెయ్యకు. చాచా సచ్ చెప్తుండు. తగిలింది, నాకెర్కనే."

బంతిని కెప్టెన్ చేతికి ఇచ్చేసి తన చోటుకు పరుగెత్తింది. అన్న వెనక్కి జరిగి గీత బయట నిలబడ్డాడు.

చివరి నిమిషం. ఆ బంతితోనే కెప్టెన్ బయలుదేరింది. ఎంత వేగం! ఆ పరుగు కోసమే నాలుగు వారాలుగా ఎదురుచూసినట్టు వెళ్ళింది. అందరూ వెనకబడిపోయారు. అడ్డం మిగిలింది ఒక్కతే, మా పిల్ల. చేతులు చాచి, కాళ్ళు వంచి, కూతకు వచ్చినవాళ్ళను పట్టేటప్పుడు నిలబడినట్టే నిలబడింది. కెప్టెన్ ఎడమకు ఊగి కుడికి మళ్ళింది. మా పిల్ల ఊగలేదు. చెయ్యి విసిరింది. ట్రైగీతకు రెండు బారల దూరంలో ఎర్ర రిబ్బన్ ఆమె పిడికిట్లో ఉంది. విజిల్!

సమానం. ఎవరూ గెలవలేదు. అందరూ గెలిచినట్టు అరిచారు. ఆ ఇద్దరు అమ్మాయిలూ గడ్డి మీద వెల్లకిలా పడి రొప్పుతూ నవ్వుతున్నారు. కెప్టెన్ లేస్తూనే, "వచ్చే శుక్రవారం వీళ్ళు వస్తారా?" అని అడిగింది. కోచ్ సార్ నన్ను చూశాడు. నేను అన్నను చూశాను.

"నన్నెందుకు చూస్తున్నరు?" అన్నాడు అన్న. "శుక్రవారం పండుకునుడు బంద్ అన్నట్టేనా ఇగ?"

ఆ మాట అంటున్నవాడి మొహంలో నవ్వు ఆగడం లేదు.

ఆ రోజుతో లీగ్ మళ్ళీ నిలబడిందని చెప్తే అబద్ధమవుతుంది. అచ్చువేసిన పట్టిక మళ్ళీ రాలేదు. వారం వారం ఎవరు ఉన్నారో అడిగి, ఉన్నవాళ్ళను రెండుగా పంచి ఆడించడమే. రెండు శుక్రవారాలు ఎవరూ కుదరక గ్రౌండు ఖాళీగా ఉంది. ఆ రెండు రోజులూ నాకు ఏం చేయాలో తోచలేదు. కానీ అన్న కూతురు మా జట్టులో పేరు రాయించుకుంది. పళ్ళకు రబ్బరు కవచం పెట్టుకుని, పట్టి పడేయడం కూడా పద్ధతిగా నేర్చుకుంది. కబడ్డీ మాట ఆ గల్లీ నుంచి పక్క గల్లీకి పాకింది. ఏషియన్ టౌన్ స్టేడియంలో క్రికెట్ చూస్తుండగా ఎవరో తెలియని మనిషి నన్ను పట్టుకుని, "కబడ్డీ రగ్బీ ఆడిపిస్తున్నది నువ్వేనా అన్నా? మా సేటు కొడుకును తోల్కరావచ్చా?" అని అడిగాడు.

ఇంటికి ఫోన్ చేసి ఇదంతా చెప్తే, నా భార్య అంతా విని, "దుబాయ్‌ల నీకు పని ఇచ్చిన్రా, ఆట ఇచ్చిన్రా?" అంది. మా ఊరికి గల్ఫ్ అంతా దుబాయే. రెండూ ఇచ్చారని చెప్పాను.

రంజాన్‌కు ముందు చివరి శుక్రవారం. మూడున్నరకు కార్లు వస్తూనే ఉన్నాయి. కోచ్ సార్ వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. అవతలి జట్టు తొమ్మిది మందితో పూర్తిగా వచ్చింది. ముఐథర్ నుంచి రెండు వ్యాన్లు. ఇంతమందికి ఒక్క గ్రౌండు చాలదు. "ఇంకోటి గీయగలవా? అరగంటే ఉంది," అన్నాడు. గీయగలనా అంటే! బండిలో రంగు పోశాను. అన్న తాడు ఒక కొస పట్టుకుని వంకర లేకుండా లాగాడు. తల్లులు మూలల్లో నీళ్ళ సీసాలు గుర్తు పెట్టారు. పిల్లలు తడిగీత తొక్కకుండా ఇవతలే ఆగి, "అయిందా, అయిందా" అని ప్రాణం తీశారు. నాలుగు గంటలకు రెండు విజిళ్ళు ఒకేసారి మోగాయి. రెండు గ్రౌండ్ల మధ్య, చొక్కా అంతా తెల్లరంగుతో నిలబడి, ఏ మ్యాచ్ చూడాలో తెలియక అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.