ఇంజిన్‌కి ఉద్వాసన

మా ముత్తాత వెంకటపతిరాజు గారు రామచంద్రపురం అవతల ఏడు గ్రామాలకు దొర. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. మా తాత సూర్యనారాయణరాజు గారు తీర్థానికి ఏనుగు మీద వెళ్ళేవారు. ఏనుగు పోయిన తరవాత కూడా మావటికి జీతం మాన్పించలేదు. మా నాన్నగారు తాలూకాలో అందరికంటే ముందు మోటారు కారు కొన్నారు. దాని వెనక సీటులో తప్ప ఎన్నడూ కూర్చోలేదు, బానెట్ కింద ఏముంటుందో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. ఇవాళ పొద్దున నా షెడ్డులో నేను పెట్రోలు గుడ్డతో ప్లగ్గులు తుడుస్తూ ఉండగా పక్కింటి గడపకు రాసిన తడి పసుపు వాసన వచ్చింది. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు మా పూర్వీకులెవరూ గుర్తు రారు. నరసాపురం జక్కరయ్య మేస్త్రి గారు గుర్తొస్తారు.

తొంభైల చివర నేను కువైట్ వెళ్ళాను. ఎస్టేటు మేనేజరుగా వెళ్తున్నానని ఊళ్ళో చెప్పాను. వీసా మీద ఉన్నది డ్రైవరు అని. ఫహాహీల్ దాపున సముద్రం ఒడ్డునే ఒక పెద్దాయన ఇల్లు. ఇంట్లో పనివాళ్ళందరూ ఆయన్ని బాబా అనేవారు. కొడుకుల కొత్త కార్లు వాకిలి నిండా ఉన్నా ఆయనకి డెబ్బైల నాటి పొడుగాటి అమెరికన్ కారు ఒక్కటే ప్రాణం. ప్రతి శుక్రవారం పొద్దున అందులోనే ఫహాహీల్ చేపల బజారుకు వెళ్ళాలి. నన్ను పెట్టుకున్నది ఆ ఒక్క కారు కోసమే. అది కదిలినంతకాలమే అక్కడ నాకు జీతం, ఉండడానికి అనుమతి ఇచ్చే ఇఖామా కార్డు. వెళ్ళి ఆరు నెలలు తిరక్కుండా వెనక్కి వస్తే ఊళ్ళో ఏ ముఖం పెట్టుకుని తిరగాలో మా వంశంలో నాకు ముందు ఎవరూ నేర్చుకోలేదు.

దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే మాటలు కాదు. కత్తులు పోయినా ఆచారం పోలేదు. పొద్దున్నే బానెట్ ఎత్తి, గొట్టంతో ఇంజిన్‌ని శుభ్రంగా కడిగాను. కువైట్ ఇళ్ళలో తాగే నీళ్ళ కుళాయి వేరు, కార్లు కడగడానికీ మొక్కలకీ ఉప్పునీళ్ళ కుళాయి వేరు. నేను వాడింది రెండోది. పసుపు కలిపిందీ ఆ నీళ్ళతోనే. ప్లగ్గులకు వెళ్ళే ఎనిమిది వైర్లకీ, అవన్నీ కలిసే డిస్ట్రిబ్యూటర్ మూతకీ చిక్కగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. బాబా కుర్చీ వేయించుకుని కూర్చుని అంతా చూశారు.

"యే కౌన్సా మసాలా?" అని అడిగారు.

"బరకత్ కోసం, బాబా," అన్నాను. శుభం కలగడానికి అని ఆయనకి తెలిసిన మాటలో చెప్పాను.

"బరకత్ అయితే ఎక్కువ పెట్టు," అన్నారు. ఇంకో రెండు బొట్లు పెట్టాను.

మర్నాటి నుంచి పొద్దున్న పూట కారు స్టార్ట్ కావడం మానేసింది. దగ్గేది, వణికేది, ఆగిపోయేది. మధ్యాహ్నం ఎండ ముదిరాక మాత్రం తాళం తిప్పగానే రాజహంసలా కదిలేది. ఆ శుక్రవారం బాబా చేపలకు వెళ్ళలేకపోయారు. పెద్దకొడుకు నన్ను పిలిచాడు.

"అగ్లా జుమ్మా సయ్యారా చలేగా తో ఠీక్. నహీ తో సయ్యారా సక్రాబ్, తుమ్ ఇండియా. ఖలాస్."

శుక్రవారానికి కదలకపోతే కారు పాత ఇనుముకి, నేను ఇంటికి. అర్థం కానిదేమీ లేదు.

ఎవరో చెబితే, కార్ల రిపేరు షెడ్లన్నీ ఉండే అల్ రాయ్‌లో జక్కరయ్య గారి వర్క్‌షాపుకు తీసుకువెళ్ళాను. అరబ్బులు ఆయన్ని జకరియా అనేవారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చెవి మీద పెన్సిల్‌తో, ఇంజినీరులా ఉండేవారు. బానెట్ ఎత్తే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. కళ్ళు తెరిచాక అంత వినయం ఉండేది కాదు.

"అల్ రాయ్ మొత్తం మీద నా చెవికి దొరకని ఇంజిన్ లేదండి. తమరిది ఏ ఊరండీ?"

నేను ముత్తాత గారి దగ్గర మొదలుపెట్టాను. ఏనుగు దాకా ఓపిగ్గా విన్నారు.

"ఆయ్. ఏనుగు సంగతి బాగుందండి. బండి సంగతి చెప్పండి. పొద్దున ఆగుద్దా, మజ్జాన్నం ఆగుద్దా?"

"పొద్దున."

"ఆగక ముందు దానికేం చేశారండి?"

"ఏమీ చెయ్యలేదు."

స్టార్ట్ చేస్తే ఇంజిన్ వీణలా మోగింది. ఆయన నా వంక చూశారు. నేను ఇంజిన్ వంక చూశాను. "రోగం ఇంటి దగ్గర వదిలేసి రోగిని తెచ్చారండి తమరు," అన్నారు.

ఆ వారంలో మధ్యాహ్నాలు పర్మిషన్ తీసుకుని పదే పదే వెళ్ళాను. ప్లగ్గుల మీద ఆయనకి అనుమానం లేదు. మొదట పాయింట్లు సరిచేశారు. మర్నాడు పొద్దున మళ్ళీ ఆగింది. తరవాత కండెన్సర్ అన్నారు, ఎంతో ధీమాగా. అదీ కాదు. తరవాత కాయిల్. కొత్తది పెట్టి చూసి, మర్నాడు దాన్ని విప్పి పాతది మళ్ళీ బిగించేశారు.

"కొత్తదే ఉంచెయ్యవచ్చుగా మేస్త్రీ," అన్నాను.

"తప్పు చెయ్యనోణ్ణి ఎందుకు తీసెయ్యాలండీ? ఒకసారి ఒక్కదాన్నే మార్చాలి, అది కాకపోతే దాని చోటు దానికి ఇచ్చెయ్యాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే బండి నడుస్తాది గానీ, ఎందుకు నడిచిందో మనకి తెలవదు."

గురువారం వచ్చింది. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని చూస్తున్నాను. ఆయన చాలాసేపు ఇంజిన్ మీద చేతులు ఆనించి నిలబడ్డారు. తరవాత పట్టపగలు షట్టరు కిందికి లాగేశారు. లోపల చీకటి. చొక్కాలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లుకునే సీసా తెచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేయించి, వైర్ల మీద మంచులా నీళ్ళు కొట్టారు.

నేను పెట్టిన ప్రతి బొట్టు దగ్గరా నీలం మెరుపు లేచింది. వైరు మీంచి ఇనుము మీదికి, మూత మీంచి పక్కకి చిటపటలాడుతూ దూకింది. ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. చెప్పవద్దూ, చూడ్డానికి చాలా బాగుంది.

"అమ్మవారు వెలుగుతోంది," అన్నాను.

"అమ్మవారు కాదండీ, కరెంటు. మీ పసుపులో ఉప్పుంది. పొద్దున సముద్రం చెమ్మకి ఉప్పు తడుస్తాది, కరెంటు ప్లగ్గు దాకా ఎల్లకుండా దారిలోనే దిగిపోతాది. ఎండకి ఆరిపోతే మళ్ళీ మామూలే."

షట్టరు ఎత్తారు. ఎండ లోపలికి వచ్చింది. ఉన్నట్టుండి నాకో సందేహం వచ్చింది.

"ఆ బొట్లు మొదటి రోజే మీకు కనపడలేదా?"

ఆయన పెన్సిల్ తీసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నారు. "కనబడ్డాయండి. మీ దేవుడి గుర్తులు. తమరు వచ్చీ రాగానే వాటి మీద నింద ఎందుకెయ్యాలి? మిగతావన్నీ కాదని తేలాక చెబుదామనుకున్నానండి."

వారం పొడుగునా ఆయన వెతికింది రోగం కోసం కాదు, నా పసుపును నిర్దోషిగా తేల్చడం కోసం. అల్ రాయ్‌లో తనకి దొరకని ఇంజిన్ లేదని చెప్పుకునే మనిషి, నా ముందు మూడుసార్లు పొరపాటు పడినవాడిలా నిలబడ్డారు.

"అయితే తుడిచెయ్యండి," అన్నాను.

"నేనా? నా చేత్తో మీ బొట్టు తుడిస్తే బాగోదండి. తమరు తుడవండి."

"మా వంశంలో బొట్టు చెరిపిన మగవాడు లేడు."

"మరి రేపు శుక్రవారం ఉన్నాదండి."

ఇద్దరం ఇంజిన్‌కి అటొకరం ఇటొకరం నిలబడ్డాం. ఎదుటి షెడ్డులో ఒక పఠాన్ మెకానిక్ టీ తాగుతూ మమ్మల్ని చూస్తున్నాడు. చివరికి జక్కరయ్య గారే మొదలుపెట్టారు.

"రాజుగారూ, చిన్నప్పుడు మా వీధి చివర వినాయకుడి పందిట్లో చూసేవోణ్ణండి. పూజ అయిపోయాక ఆయన్ని పంపించేవోరు. తమరు పంపించారా?"

ఉద్వాసన. నేను చెప్పలేదు. ఆవాహన ఘనంగా చేశాను, నైవేద్యం పెట్టాను, బాబా మాట మీద రెండు బొట్లు ఎక్కువ పెట్టాను. వెళ్ళిరమ్మని మాత్రం చెప్పలేదు.

"ఎల్లమని చెప్పకుండా ఇంజిన్లో కూచోబెట్టేస్తే అమ్మవారు మాత్రం ఎక్కడికెళ్తాదండీ? వేడిలో, పొగలో. పంపించెయ్యండి. పంపించాక మిగిలేది ఉత్త పసుపే కదండీ."

చెప్పులు విడిచి చేతులు జోడించాను. "యథాస్థానం ప్రవేశయామి" అన్నాను. మా ఇంటి పద్ధతి ప్రకారం పీఠాన్ని ఈశాన్యం వైపు కొంచెం కదపాలి. డిస్ట్రిబ్యూటర్ పట్టుకున్నాను.

"అది కదపకండి, టైమింగ్ పోద్ది," అన్నారు గాభరాగా. "కావాలంటే క్లిప్పులు తీసిస్తాను, మూత ఒక్కటీ కదపండి."

మూత కదిపాను. ఆయన తలవంచుకుని నిలబడ్డారు; ఆమెన్ అన్నారో లేదో నాకు వినపడలేదు. తరవాత నేనే తాగే నీళ్ళతో ఒకసారి, పెట్రోలు గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి అన్నీ తుడిచాను. చేతులు మోచేతుల దాకా నల్లగా అయ్యాయి. ఆయన పక్కన నిలబడి, "ఆ మూల, ఆయ్, ఆ కింద కూడానండి" అంటూ చూపించారు గానీ ఒక్క బొట్టునీ వేలితో తాకలేదు.

"డబ్బు?" అని అడిగితే, "తుడిచింది తమరే కదండీ," అన్నారు.

శుక్రవారం తెల్లారేసరికి కారు అద్దాల మీద చెమ్మ కారుతోంది. పెద్దకొడుకు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాళం తిప్పాను. ఇంజిన్ ఒక్క దగ్గు కూడా లేకుండా అందుకుంది. బాబా వెనక సీటులో కూర్చుని, "యల్లా, చేపలైపోతాయి," అన్నారు. పెద్దకొడుకు లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత సెలవు దొరికినప్పుడల్లా అల్ రాయ్ వెళ్ళేవాణ్ణి. "తుడిచే పని తమరికి బాగా వచ్చండి, స్పానర్ కూడా పట్టి చూడండి," అని ఆయన ఎగతాళిగా మొదలుపెట్టింది ఏళ్ళ తరబడి సాగింది. స్పానర్ పట్టడం, చెడిందని తేలేదాకా దేన్నీ విప్పకపోవడం, అవతలివాడి పరువు తియ్యకుండా వాడి పొరపాటు చూపించడం, ఈ మూడూ ఆయన దగ్గర నేర్చుకున్నాను. మూడోది నాకు పూర్తిగా రాలేదు. నా షెడ్డుకు వచ్చేవాళ్ళు చెబుతారు.

కువైట్ నుంచి ఊరికి వచ్చేసిన ఏడాది, మా పెద్ద ఇంటి సింహద్వారం ముందు ఒకరోజు చెప్పులు విడిచి నిలబడి, అక్కడా యథాస్థానం ప్రవేశయామి అన్నాను. చుట్టుపక్కలవాళ్ళు ఏ పూజో అనుకున్నారు. ఆ సోమవారం టేకు తలుపులు రెండూ, ఇత్తడి గుబ్బలతో, గడపతో సహా, తణుకులో హోటలు కడుతున్న ఒకాయనకి అమ్మేశాను.