చెల్లె పెట్టిన చల్లటి కూర

నేను ఇంగ్లీషుకు భయపడ్డానో, ఇంగ్లీషే నన్ను చూసి జడుసుకుందో గానీ, ఏడో తరగతితో మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక్కణ్నే గదిలో ఉంటూ ఆటో నడుపుతున్నాను. ఆదివారాలు మహబూబాబాద్ నుంచి మేనకోడలు ఫోన్ చేసి, కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లీషు నుడికారాలు వినిపిస్తుంది. కిరాయి బేరం కాకుండా వేరే మాట నాతో ఎవరైనా మాట్లాడేది అప్పుడే. అందుకే ఫోన్ పెట్టేయకుండా ఏదో ఒకటి అడుగుతూ ఉంటాను.

మొన్న ‘కోల్డ్ షోల్డర్’ అంది. అంటే చల్లటి భుజం.

“మనిషిని పట్టించుకోకుంటే గట్లంటరు మామా. ఎనకట ఇష్టంలేని చుట్టమొస్తే, వేడిగ వండకుండ మిగిలిన భుజం మాంసం చల్లగనే పెడుతుండెనట. గట్ల పుట్టిందని చెప్తరు.”

“అయితే మీ అమ్మ ఇంగ్లీషు దొరసానే. దసరా తెల్లారి నేనొస్తే చల్లటి మటన్ పెట్టింది.”

నవ్వించాలనే అన్నాను. కానీ ఆ రోజు తర్వాత నేను ఆ గడప తొక్కలేదు.

ఫోన్ స్పీకర్‌లో ఉందని నాకు తెలియదు. అవతల చెల్లె గొంతు వినిపించింది.

“చెప్పకుండ వస్తివి. గవి నా వంతు ముక్కలే అన్నా. నీకు పెట్టి నేను పచ్చిపులుసు పోసుకొని తిన్న.”